చదువుల గదిలో చుక్కల పటం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం జమాఖర్చులు, స్కాలర్‌షిప్పుల వివరాలు కార్యదర్శిగారు ఇంతకుముందే చదివి వినిపించారు. మేము మనవి చేయదలచుకున్నది గోడకు తగిలించిన ఒక పటం గురించి. ఈ ఏడాది దాని మీద జరిగినంత చర్చ జకాత్ పంపకం మీద కూడా జరగలేదంటే అతిశయోక్తి కాదు.

మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసే మన కుర్రవాళ్లు కొందరు చందాలు వేసుకుని, ఆ పటం అచ్చు వేయించి అద్దం కట్టించి తెచ్చారు. అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ అనే పండితుడు సుమారు 964లో రాసిన స్థిర నక్షత్రాల గ్రంథంలోనిది ఆ బొమ్మ. పెద్ద ఎలుగుబంటి, దాని ఒంటినిండా చుక్కలు, చుట్టూ అరబ్బీ అక్షరాలు. మనం సప్తర్షులనే ఏడు చుక్కలూ ఆ ఎలుగు ఒంటిమీదా తోకమీదా ఉంటాయి. ఎలుగులు రెండు, ఒకటి ఇటు చూస్తే మరొకటి అటు చూస్తుంది. అద్దం కట్టేవాడు ఒక బొమ్మ తిరగబడి అచ్చయిందన్నాడట! అది అచ్చుతప్పు కాదు. సూఫీ 48 నక్షత్ర మండలాలనూ రెండేసిసార్లు చూపించాడు: ఆకాశంలో మనకు కనిపించేటట్టు ఒకటి, గోళం మీద గీస్తే ఉండేటట్టు మరొకటి.

తగిలించిన వారం తిరక్కుండానే రెండు అభ్యంతరాలు వచ్చాయి. జుహర్ నమాజు చేసుకునే హాల్లో ప్రాణి బొమ్మ ఏమిటని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన మాటే. పటాన్ని పిల్లలకు ట్యూషన్ చెప్పే గదిలోకి మార్చాము. రెండో అభ్యంతరం గట్టిది. "ఇది జాతకాల పటం, మన దీన్‌లో జాతకం లేదు, తీసెయ్యండి" అన్నారు. దానికి మాత్రం మేము ఒప్పుకోలేదు. చుక్కల్ని చూసి ఒకరి పెళ్లి, ఒకరి చావు చెప్పడం వేరు. ఫలానా చుక్క ఎక్కడుంది, ఎంత వెలుగుతుంది అని కొలవడం వేరు. సూఫీ ఆ గ్రంథంలో చేసింది రెండో పని. గ్రీకు పండితుడు టాలెమీ ఇచ్చిన పట్టికను కళ్లకద్దుకుని ఊరుకోలేదు. తన కళ్లతో చూసి, వెలుగు లెక్కలు సరిదిద్దాడు. ఒకచోట చిన్న మబ్బు తునకలాంటిది ఉందని గుర్తుపెట్టాడు. అది ఆండ్రోమెడా అనే వేరే నక్షత్రలోకం. దాని వెలుగు మనల్ని చేరడానికి ఇంచుమించు 25 లక్షల సంవత్సరాలు పడుతుందని ఇప్పుడు తెలుసు. దుర్భిణి లేని రోజుల్లో ఆయన చూపు అటువంటిది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన ఊళ్లలో అంటారు కదా, ఆ రోహిణినే అరబ్బులు అద్దబరాన్ అన్నారు. ఇంగ్లీషువాళ్లు అదే పేరును అల్డెబరాన్ చేసుకున్నారు. మన శ్రవణం వాళ్లకు అల్టెయిర్, అదీ అరబ్బీ పేరే.

ఇదంతా చెబుతుంటే ట్యూషన్‌కు వచ్చే ఒక అమ్మాయి, తొమ్మిదో తరగతి, లేచి అడిగింది: "సార్, వెయ్యేళ్ల కిందట చూశారు సరే. తర్వాత మనవాళ్లెవరూ ఆకాశం చూడలేదా?" నిజం చెప్పాలంటే మేము కాసేపు మాట్లాడలేకపోయాము. పాత గొప్పలు చెప్పుకునే మన సభలన్నిటికీ ఆ ప్రశ్న తగులుతుంది.

జవాబు మాత్రం దగ్గర్లోనే ఉంది. మన పిల్లలు కంప్యూటర్ కోర్సులకని అమీర్‌పేటలో తిరుగుతారు. ఆ పక్కనే బేగంపేటలో నిజామియా నక్షత్రశాల ఆవరణ ఉంది. ఇప్పుడక్కడ ఆర్థిక సామాజిక అధ్యయన సంస్థ నడుస్తోంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత డబ్బుతో 15 అంగుళాల దుర్భిణి కొని, ఫిసల్‌బండలో నక్షత్రశాల మొదలుపెట్టారు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తర్వాత బేగంపేటకు మార్చింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించింది.

ఆకాశమంతటినీ ఫొటోలు తీసి చుక్కలను లెక్కగట్టాలని 1887లో పారిస్ సభలో నిర్ణయించి, దేశదేశాల నక్షత్రశాలలు ఆకాశాన్ని పొలం గట్లలాగా పంచుకున్నాయి. చిలీలోని సాంటియాగోకు ఇచ్చిన భాగం అక్కడ పూర్తికాక మన హైదరాబాదుకు వచ్చింది. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు. అది ముగించి, జర్మనీవారి వంతులో మిగిలిపోయిన ఉత్తరపు ముక్క కూడా మనవాళ్లు అందుకున్నారు. గాజుపలకల మీద ఫొటోలు తీసి, ఒక్కొక్క చుక్కనూ కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా చుక్కల స్థానాలు రాశారు. పోకాక్ అనే ఆంగ్లేయుడు, ఆయన తర్వాత భాస్కరన్, 1944 నుంచి అక్బర్ అలీ డైరెక్టర్లుగా నడిపించారు. ఇందులో "మనవాళ్లు" ఎవరో విడదీసి చెప్పమంటే మావల్ల కాదు.

ఆ అంకెలు అటకెక్కలేదు. చుక్కలు కొద్దికొద్దిగా జరుగుతాయి. ఎంత జరిగాయో తెలియాలంటే పాత స్థానం ఒకటి ఉండాలి. 2000 సంవత్సరంలో ఉపగ్రహం లెక్కలతో వెలువడిన 25 లక్షల నక్షత్రాల టైకో-2 పట్టికకు ఆ పాత పట్టికలే ఆధారమయ్యాయి.

చివరగా ఒక మనవి. కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో చేరిన కుటుంబాలు ఖిబ్లా ఎటని మమ్మల్ని అడుగుతూ ఉంటాయి. మన ఊరికి ఖిబ్లా అచ్చంగా పడమర కాదు, పడమర నుంచి సుమారు 12, 13 డిగ్రీలు ఉత్తరానికి. కొద్ది తేడాకు నమాజు చెడదని మౌల్వీగారు చెప్పారు, కంగారుపడవద్దు. సెల్‌ఫోన్ కంపాస్ ఇనుప చువ్వల మధ్య తిక్కతిక్కగా తిరుగుతుంది. సూర్యుడు అలా తిరగడు. మే 27, 28 తేదీల్లో మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా కాబా మీద ఉంటాడు. ఆ నిమిషాన మనకు సూర్యుడున్న వైపే ఖిబ్లా. దారానికి బరువు కట్టి వేలాడదీస్తే నీడ దానికి ఎదురు దిక్కున పడుతుంది. ఆ రోజు ట్యూషన్ పిల్లలు డాబా మీద గీత గీస్తారు. మీమీ ఇళ్లలో కూడా గీసి, తేడా ఎంత వచ్చిందో కాగితం మీద రాసి పంపండి, పటం పక్కనే అంటిస్తాము. మబ్బు పడితే జూలై 15, 16 తేదీల్లో 2 గంటల 57 నిమిషాలకు మళ్లీ అవకాశం ఉంది గాని, అది వానాకాలం, దాన్ని నమ్ముకోవద్దు.