పై తరగతులలో చదువ తడబడు పిల్లలు

(తలిదండ్రుల సభలో చదివిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము మేము మీతో ముచ్చటింపదలచిన విషయము సభలలో ప్రస్తావించుటకు అంత ఇంపైనది కాదు. బహుమానములు పొందిన పిల్లలను గూర్చి చెప్పుట సులభము. ఎనిమిదవ తరగతికి, తొమ్మిదవ తరగతికి వచ్చియు వాచకములోని ఒక పేరాను తడబడక చదువలేని పిల్లలను గూర్చి చెప్పుట కష్టము. అట్టివారు మన పాఠశాలలోను గలరు. ఏ యింటి బిడ్డయో ఇచ్చట చెప్పబోము. అది ఆ యింటివారికిని, ఉపాధ్యాయులకును మాత్రమే తెలియవలసిన సంగతి.

ఈ కొరత మన బడికి మాత్రమే కలిగినది కాదు. ప్రథమ్ అను సంస్థవారు 2023లో 26 రాష్ట్రములకు చెందిన 28 జిల్లాల పల్లెలలో 14 మొదలు 18 ఏండ్ల వయస్సుగల పిల్లల చదువును పరిశీలించిరి. తమ ప్రాంతీయ భాషలో రెండవ తరగతి స్థాయి పాఠమును ధారాళముగా చదువలేనివారు వారిలో ఇంచుమించు నాలుగవ వంతు ఉన్నట్లు తేలినది. ఈ లెక్కను మేము ఊరట కొరకు చెప్పుటలేదు. చదువ తడబడు బిడ్డను చూచి మందబుద్ధి యనియు, సోమరి యనియు మనము వేయు ముద్ర ఎంత తొందరపాటో తెలియుటకు చెప్పుచున్నాము. దేశమున నలుగురిలో ఒకడు సోమరియై పుట్టడు గదా!

చదువ రానివాడు ఎనిమిదవ తరగతివరకు ఎట్లు వచ్చెనని మీరడుగవచ్చును. చెవితో వచ్చెను. ఉపాధ్యాయుడు చెప్పినది విని, తోడివాడు చదివినది పట్టుకొని, ప్రశ్నకు జవాబును కంఠస్థము చేసి, ఒక్కొక్క తరగతి దాటెను. వేమన పద్యమును పుస్తకము తెరచి గడగడ చెప్పును. నడుమ ఒక మాట మీద వ్రేలు పెట్టి ఇదేమని యడిగిన చెప్పలేడు. ఇట్టివానికి బుద్ధి తక్కువ యనుట పొరపాటు. అక్షరములు రాకయే ఇన్నేండ్లు నెగ్గుకొని వచ్చినవాని జ్ఞాపకశక్తి మనలో పలువురకు లేదు. అయితే ఆ శక్తికి ఒక హద్దు గలదు. పై తరగతులలో సాంఘికశాస్త్రము, సామాన్యశాస్త్రము, గణితములోని మాటల లెక్కలు పెరుగును. వినికిడిచేత మోయరాని బరువు అప్పుడు మీద పడును. తొమ్మిదవ తరగతిలో ఉన్నట్టుండి బడి మీద విరక్తి కలిగెనని మీరు చెప్పు పిల్లలలో పెక్కుమంది కథ ఇదియే.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అను పండితులు చదువును గూర్చి ఒక చిన్న సూత్రము చెప్పిరి. అక్షరములను మాటలుగా గుర్తించు నేర్పు ఒకటి, భాషను అర్థము చేసికొను శక్తి ఒకటి. ఈ రెండింటి గుణకారమే చదివి గ్రహించుట యని వారి మతము. కూడిక కాదు, గుణకారము. రెండింటిలో ఒకటి సున్నయైన ఫలము సున్నయే యగును. మా పిల్లలకు మేము చేయు మొదటి పరీక్ష ఈ సూత్రముపై నాధారపడినదే. ఒక కథను మేము చదివి వినిపించి ప్రశ్నలడుగుదుము. అంతటి మరియొక కథను బిడ్డచేత చదివించి ప్రశ్నలడుగుదుము. విన్నప్పుడు చక్కగా చెప్పి, చదివినప్పుడు చెప్పలేనివానికి భాష కలదు, అక్షరము లేదు. రెండింటను తడబడినవానికి మాటల నిధియే తక్కువ. ఈ ఇద్దరకు ఒకే మందు పనికిరాదు.

తమిళనాట తరతరములుగా నివసించు మన పిల్లలకు ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు గలదు. దానిని కొంచెము విడదీసి చెప్పవలెను. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము మొదలుకొని మన రాష్ట్రమున తమిళము ఒకటవ తరగతి నుండి క్రమముగా పై తరగతులకు అనివార్య పాఠ్యాంశమైనది. అల్పసంఖ్యాక భాషల వారి విషయమున న్యాయస్థానములలో వాదములు నడచినవి. అది వేరు ప్రస్తావన. బడిలో జరుగునదేమనగా, చిన్ననాటనే బిడ్డ తెలుగు, తమిళము, ఇంగ్లీషు అను మూడు లిపుల నడుమ నిలువవలసివచ్చుచున్నది. మూడు లిపులు నేర్చుట బాలురకు అసాధ్యము కాదు. కాని ఒక లిపిలో పట్టిన అలవాటు మరియొక లిపిలో త్రోవ తప్పించును.

తమిళమున క, గ ధ్వనులు రెంటికి ఒకటే అక్షరము. ఖ, ఘ లకు వేరక్షరములు లేవు. మనకు నాలుగును వేర్వేరు. ఇది చిన్న చిక్కు. చెవికి వినిపించిన కన్ను నేర్చుకొనును. పెద్ద చిక్కు ఒత్తులది. తమిళమున అచ్చులేని హల్లుపై పుళ్ళి యను చుక్క పెట్టి, తరువాతి హల్లును దాని ప్రక్కన వ్రాయుదురు. జంట హల్లుల విషయమున కన్ను ఎడమనుండి కుడికి సాగిన చాలును. తెలుగున రెండవ హల్లు మొదటిదాని క్రిందికి చేరును. అంతటితో ఆగక, రెండవ హల్లుతో పలుకవలసిన గుడి మొదటి హల్లు నెత్తిన కూర్చుండును. ‘భక్తి’ అను మాటను చూడుడు. గుడి యున్నది ‘క’ మీద; పలుకవలసినది ‘త’ తరువాత. కన్ను క్రిందికి దిగి, మరల పైకి ఎక్కవలెను. ఈ త్రోవ ఎవ్వరును చూపనివానికి అది ‘భకిత’ యగును, ‘పుస్తకము’ ‘పుసతకము’ అగును. ఇది చాలదన్నట్లు త, న, మ, య, ర, ల అను అక్షరముల ఒత్తులు ఆ యక్షరముల రూపమును పోలియుండవు. మన భాషలో మిక్కిలి తరచుగా వచ్చునవియు ఇవియే! అమ్మ, అన్న, అత్త, పిల్ల, ఇల్లు, విద్య, చిత్రము, ఏ పుట తిప్పినను ఇవియే కానవచ్చును. ఒత్తులు గట్టిపడని బిడ్డకు తెలుగు పుట యంతయు ముండ్లదారి.

ఈ చిక్కు రెండవ తరగతిలో సరిచేయదగినది. అప్పుడు తప్పిపోయినచో తరువాతి తరగతులలో ఎవ్వరును వెనుకకు పోయి ఒత్తులు నేర్పరు. ఏలయన ఆ తరగతుల పాఠ్యప్రణాళికలో అవి లేవు. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు సౌకర్యము కల్పింపవలెనని చెప్పుచున్నది. ప్రాథమిక దశ దాటియు చదువు రానివానికేమి చేయవలెనో అది చెప్పదు. ఆ పని మనది.

మేము తలపెట్టిన తరగతి ఎట్లుండునో చెప్పెదము. ప్రతిదినము 40 నిమిషములు. ఒక్కొక్క ఉపాధ్యాయుని చెంత ఐదుగురికి మించరు. వారమునకొక గంట చొప్పున సంవత్సరమంతయు చెప్పినను నిలువని చదువు, ప్రతిదినము కొంచెము కొంచెముగా చెప్పిన నిలుచును. పిల్లలను తరగతినిబట్టి కాక, నిలిచిపోయిన మెట్టునుబట్టి కూర్చుండబెట్టుదుము. ఎనిమిదవ తరగతివాడును, తొమ్మిదవ తరగతివాడును ఒకే చాపమీద కూర్చుండవచ్చును. మొదటి కొన్ని నిమిషములు ఒత్తులు, గుణింతములు; తరువాత వానితో కట్టిన మాటలు; పిమ్మట ఒక చిన్న పాఠము. చివర రెండు మూడు వాక్యములు చెప్పి వ్రాయించుట. వ్రాసిన చేయి చదువు కన్నును సరిదిద్దును.

ఆ చిన్న పాఠమును ఒకే దినమున మూడు నాలుగు సారులు చదివింతుము. 1979లో జే శామ్యూల్స్ అను అమెరికా పండితుడు ఈ పద్ధతిని వివరించెను. తగిన వేగము వచ్చువరకు అదే పాఠమును మరల మరల చదివింపవలెను. ఆ పిదపనే మరియొక పాఠము. మన వీధిబడులలో వల్లెవేయించుట ఇదియే గదా యందురేమో! కాదు. వల్లెవేయువాడు కన్నులు మూసికొనియు చెప్పగలడు. ఇచ్చట కన్ను అక్షరము మీదనుండి కదలరాదు. అందుచేతనే వ్రేలితో చూపుచు చదువుమందుము, నడుమనడుమ క్రింది వాక్యమునుండి మీదికి చదివింతుము. అక్షరములను కూడదీసికొనుటకే శ్రమయంతయు వెచ్చించువానికి అర్థము మీద నిలుపుటకు మనస్సు మిగులదు. వేగము మాకు పందెము కొరకు కాదు, ఆ మనస్సును విడిపించుట కొరకు.

పాఠములు రెండవ తరగతి స్థాయివే యైనను, రెండవ తరగతి వాచకమును మాత్రము వారి చేత పెట్టము. మీసములు మొలచుచున్న బాలునికి కాకి, కుండ కథ ఇచ్చిన అవమానముచే కృశించును. పెండ్లిపత్రికలు, బస్సు పలకలు, బ్యాంకు రసీదులు, క్రికెట్ వార్తలు, తెనాలి రామకృష్ణుని కథలు తేలిక మాటలలో వ్రాసి యిత్తుము. 1947లో మన చెన్నపట్నముననే తెలుగునను, తమిళమునను ఒక్కసారిగా పుట్టిన చందమామ ఇప్పుడు వెలువడకున్నను, పాత సంచికలు మీ అటకల మీద నుండవచ్చును. చెదలు పట్టనివి యున్నచో మాకిండు.

తలిదండ్రులలో కొందరు మమ్ము అడిగిన ప్రశ్న యొకటి గలదు. తెలుగు రాకున్న మాన్పింపరాదా? తమిళము పరీక్షకు కావలెను, ఇంగ్లీషు ఉద్యోగమునకు కావలెను. ఈ మూడవ బరువేల? ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. కాని మూడింటను తడబడుచున్న బిడ్డకు ఒకటి తీసివేసినంత మాత్రమున మిగిలిన రెండు రావు. అక్షరమును ధ్వనితో ముడివేయు కిటుకు అర్థమైన భాషలోనే ముందుగా పట్టుబడును. ఒకచోట పట్టుబడినది మరియొకచోట తోడ్పడును. ఇంట అవ్వ నోట విన్న మాట పుటమీద కనబడినప్పుడు బిడ్డ ముఖము వికసించుట మేము చూచుచున్నాము.

ఇంకొక మాటయు దాచక చెప్పవలెను. మన సంఘమున కొందరికి ఇది రుచింపకపోవచ్చును. మన యిండ్లలో కొన్నింట తెలుగు వెనుకబడినది. బడిని ‘పళ్ళికూడ’ మనుచు, అన్నదమ్ములు తమలో తాము తమిళముననే మాటలాడుకొను ఇండ్లు గలవు. అట్టి బిడ్డకు చెవికెక్కిన భాష తమిళమే యైనచో, చదువును మొదట తమిళముననే గట్టిపరచి, పిదప తెలుగునకు తెత్తుము. అభిమానము కొరకు బిడ్డను రెండింటికి చెడనీయరాదు. తెలుగు ముందు కావలెనన్న, ఇంట తెలుగు మాటలాడుటయే దానికి మార్గము.

కన్నుల పరీక్ష అందరికి చేయింతుము. నెలలు గడచినను మార్పు కానరాని బిడ్డను వైద్యులకు చూపుమందుము, అప్పుడు వెరవకుడు. అభ్యసనమునకు సంబంధించిన ప్రత్యేక వైకల్యము 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున గుర్తింపబడినది. గుర్తింపు వలన బిడ్డకు మేలే కాని కళంకము లేదు.

మీవలన మాకు కావలసిన సాయము పెద్దది కాదు. రాత్రి భోజనమునకు ముందు పది నిమిషములు బిడ్డ చదువగా వినుడు. చదువురాని తల్లియైనను వినగలదు; అర్థము కానిచోట ‘ఏమనెను?’ అని యడుగగలదు. బిడ్డ ఆగినచోట వెంటనే కసరక, మూడు లెక్కించునంతసేపు ఓపికపట్టి, తెలిసినవారు ఆ మాట చెప్పి ముందునకు సాగనిండు. ‘నీ చెల్లెలు చదువుచున్నది, నీకేమి?’ అను మాట ఎన్ని దినముల శ్రమనో తుడిచివేయును. ప్రశ్నకు జవాబులు వల్లెవేయించు సాయంకాలపు ట్యూషనును ఈ కొన్ని నెలలు ఆపిన మంచిది. అది లోపమును కప్పిపుచ్చుచున్నది కాని తీర్చుటలేదు.

తరగతి వచ్చే సోమవారము మొదలగును. బడి ముగిసిన పిమ్మట 40 నిమిషములు. దూరపు పల్లెల పిల్లలకు తరువాతి బస్సు అందును. దారిలో ఆకలి తీర్చుటకు సుండలు సంఘమువారే ఏర్పాటు చేయుచున్నారు. సమ్మతి పత్రములు పిల్లలచేతనే పంపుచున్నాము. మీరు సంతకము చేయుటకు ముందు ఆ పత్రమును బిడ్డచేతనే చదివించి వినుడు. అందులో ఒత్తులు తక్కువగా నుండునట్లు చూచి వ్రాసితిమి.