ఒంటరిగా బతకని బాక్టీరియా
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరుగా నా పని తాగునీటి పైపులతో. పైపు లోపల పట్టే జిగురు పొరను బయోఫిల్మ్ అంటారు. అందులో చాలా రకాల బాక్టీరియా కలిసి కాపురముంటాయి. నీటిలో విడిగా తేలే బాక్టీరియాను చంపే క్లోరిన్ మోతాదు, ఆ పొరలో ఉన్నవాటిని చంపలేదు.

అలాంటి పొర మన బొర్రా గుహల్లోనూ ఉంది. ఊట నీరు కారే చోట పసుపు, నారింజ రంగుల్లో కనిపిస్తుంది. గుహలోని సున్నపు రూపాలు ఏర్పడటంలో సూక్ష్మజీవుల పాత్ర ఉందనడానికి 2007లో 'కరెంట్ సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన ఆధారాలు చూపింది.

ఇలాంటి కాపురమే మనిషి ఊపిరితిత్తుల్లో సాగే జబ్బు ఒకటుంది. దాని పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువు వస్తే బిడ్డకు పుట్టుకతో వస్తుంది. ఆ జన్యువును 1989లో కనుగొన్నారు. కణాల్లో ఉప్పు, నీరు కదిలే దారి దెబ్బతిని కఫం బంకలా చిక్కబడుతుంది. అందులో బాక్టీరియా ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది.

చిన్న వయసులో ఎక్కువగా కనిపించేది స్టెఫైలోకాకస్. వయసు పెరిగేకొద్దీ సూడోమోనాస్‌ది పైచేయి అవుతుంది. సూడోమోనాస్ వదిలే రసాయనాలు స్టెఫైలోకాకస్ ఊపిరిని అడ్డుకుంటాయి. చచ్చినవాటిలోని ఇనుమును సూడోమోనాస్ వాడుకోగలదు. మిగిలినవాటిలో కొన్ని మెల్లగా పెరిగే రకంగా మారి బతికిపోతాయి. చిక్కంతా అక్కడే. టోబ్రామైసిన్ లాంటి మందు లోపలికి పోవాలంటే బాక్టీరియా చురుగ్గా ఊపిరి తీస్తుండాలి. ఊపిరి మందగించినదానిలోకి మందు సరిగా చేరదు. శత్రువు కొట్టిన దెబ్బే దానికి గొడుగవుతుంది. అందుకే ల్యాబులో ఒక్కో బాక్టీరియాను విడిగా పెంచి చూసిన ఫలితం ఊపిరితిత్తుల్లో అలాగే ఉంటుందని చెప్పలేం.

ఈ సంగతి ఇక్కడెందుకంటారా? మన కొండల్లో బిడ్డ విడవకుండా దగ్గితే ముందు టీబీ అనుకుంటాం. ఆ పరీక్ష తప్పక చేయించాలి. టీబీ కాదని తేలాక కూడా దగ్గు పోకపోతే, తిన్నది ఒంటబట్టకపోతే, ముద్దు పెట్టుకున్నప్పుడు ఒళ్లు ఉప్పగా తగిలితే, ఆ మాట డాక్టరుగారికి చెప్పండి. చెమటలో ఉప్పును కొలిచే పరీక్ష ఉంది. మన దేశంలో ఈ జబ్బు అరుదే. కానీ ఎవరూ గుర్తించక పిల్లలు నలిగిపోకూడదు. డాక్టరు రాసిన మందు మధ్యలో ఆపకండి. మిగిలింది పక్కింటివాళ్లకు ఇవ్వకండి.

స్వర్ణోత్సవ గుర్తుగా మా బ్యాచ్ తరఫున సైన్సు గదికి ఒక మైక్రోస్కోపు ఇస్తున్నాం. పిల్లలూ, గుహలో పొరను మాత్రం గోకకండి. కుళాయి గొట్టంలోని జిగురు చాలు, ఒక చుక్కలో ఎంతమంది కాపురముంటున్నారో చూడటానికి.