ఒంటి పడవలో తుంగభద్ర



ఉగాది సభలో పంచాంగ శ్రవణం ముగిసిన వెంటనే పడవలను గురించి మాట్లాడమని కార్యవర్గంవారు మమ్ములను కోరటానికి కారణం లేకపోలేదు. మన కుటుంబాలలోని యువతీ యువకులు కొందరు ఈ మధ్య మడిచి వీపున వేసుకొనే పడవలు కొని, సెలవు దొరికితే చాలు, తుంగభద్రలో ఒంటరిగా దిగుతున్నారు. పెద్దలు దీనిని దుడుకుతనమంటున్నారు. మేము ఆ మాట అనలేము. నీటిమీద ఒంటరిగా, చప్పుడు లేకుండా సాగిపోవటంలోని హాయి మాకు తెలుసు. అయితే ఆ పడవ ఎట్టిదో, ఈ నది ఎట్టిదో ఎరిగి దిగితే మంచిది గదా! అందుకే ఈ నాలుగు మాటలు.

కయాక్ అనే ఈ పడవ ఉత్తర ధ్రువ ప్రాంతాలలోని ఇన్యూట్ ప్రజలది. నీటికి కొట్టుకువచ్చిన కొయ్యతోనూ, ఎముకలతోనూ చట్రం కట్టి, దానికి సీలు చర్మం తొడిగి, ఒక మనిషి నడుము పట్టేటంత రంధ్రం మాత్రం పైన వుంచేవారు. తెడ్డుకు రెండు కొసలా రెక్కలుంటాయి. అది విహారానికి చేసిన పడవ కాదు, వేటకు చేసినది. జంతువు పసిగట్టకుండా దాని దగ్గరకు చేరటమే దాని ప్రయోజనం. ఈ సంగతి కాస్త జ్ఞాపకం వుంచుకోండి. దీనితో మనకు మళ్ళీ పని వున్నది.

దానిని మడతపెట్టే ఉపాయం జర్మనీలో పుట్టింది. ఆల్‌ఫ్రెడ్ హాయిరిష్ అనే విద్యార్థి 1905లో అట్టి పడవ చేయగా, 1907 నుండి క్లెప్పర్ అనే ఆయన వాటిని తయారుచేసి అమ్మసాగాడు. రైలు దిగి, సంచి విప్పి, ఏటిలో దిగటమన్నమాట. ఆస్కార్ స్పెక్ అనే మరొక జర్మన్ 1932లో ఉల్మ్ పట్టణం దగ్గర డాన్యూబు నదిలో అట్టి మడత పడవతో ఒంటరిగా బయలుదేరి, మన దేశపు తీరం వెంట కూడా సాగి, 1939లో ఆస్ట్రేలియా ఏలుబడిలోని దీవులకు చేరాడు. అప్పటికి యుద్ధం వచ్చింది. అక్కడివారు ఆయనను మెచ్చుకొని, శత్రుదేశస్థుడని వెంటనే నిర్బంధించారు! ఏడేండ్ల శ్రమకు దక్కిన ఆతిథ్యం అది.

అయితే వీపున మోసుకుపోయే పడవ మన నదికి కొత్తదా? కాదు. మనవారు పుట్టి అన్నా, ఇక్కడివారు హరిగోలు అన్నా, కావేరి ఒడ్డున తమిళులు పరిసల్ అన్నా ఒకటే. వెదురు అల్లిక, దానికి ఒకప్పుడు తోలు, నేడు తారు పూసిన గుడ్డో ప్లాస్టిక్ పట్టాయో. 1520 ప్రాంతంలో విజయనగరం చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ బుట్ట పడవలను వర్ణించాడు. పదిహేను ఇరవై మందిని మోస్తాయనీ, తిన్నగా పోక గిరగిర తిరుగుతాయనీ వ్రాశాడు. చిన్న పుట్టిని బెస్తవాడు ఒక్కడే నెత్తిమీద బోర్లించుకొని నడిచిపోవటం ఆనెగొంది రేవులో మీరు చూచే వుంటారు. గాలితో ఉబ్బించే కయాక్ బరువు పది పన్నెండు కిలోలుంటే, మంచి చట్రపు పడవ ఇరవై దాటవచ్చు. కొనబోయేవారు కొట్లో ఎత్తి చూచి మురిసిపోకుండా, బండరాళ్ళ మీద అరమైలు మోయగలమా అని ఆలోచించుకోవాలి. ఈ ఉగాది రోజులలో తుంగభద్రలో నీరు తగ్గి రాళ్ళు తేలుతాయి. పడవలో కూర్చున్నంత సేపు దానిని మోయటం కూడా వుంటుంది.

ఇక నది సంగతి. ముద్లాపురం నుండి కంప్లి దాకా, హంపీని ఒరుసుకొని పోయే 34 కిలోమీటర్ల తుంగభద్రను కర్ణాటక ప్రభుత్వం 2015లో నీరుకుక్కల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. కన్నడిగులు వీటిని నీరునాయి అంటారు. నున్నని బొచ్చుతో, కుటుంబం కుటుంబంగా తిరుగుతూ, కలిసి చేపలను తరిమి పట్టే ప్రాణులివి. ఒడ్డునున్న రాళ్ళ సందులలోనూ, బొరియలలోనూ పిల్లలను పెడతాయి. బండమీద చేప పొలుసులతో నిండిన పెంట, ఘాటైన వాసన వున్నచోట అవి సమీపంలో మసలుతున్నాయని గ్రహించి పడవను మళ్ళించాలి. వాటికి శత్రువులు లేకపోలేదు. తోటాలు పేల్చి చేపలు పట్టేవారు, ఇసుక తోడేవారు, వల చించాయని కోపగించేవారు. ఆ జాబితాలో మన పిల్లలు చేరకూడదని మా కోరిక.

ఎట్లా చేరుతారంటారా? మోటారు పడవ లోతునీరు విడిచి రాదు; దాని చప్పుడు ముందే వినబడుతుంది కనుక జంతువు తప్పుకొంటుంది. పుట్టివాడు తన రేవు, తన మడుగు దాటి పోడు. కయాక్ జానెడు నీటిలో కూడా పోతుంది. ఇంతకాలం మనిషి పోలేని సన్నని పాయలూ, రెల్లుపొదల వెనుకటి మడుగులూ ఆ ప్రాణులకు దాగుచోట్లు. అక్కడకు మనం చప్పుడు చేయక, తగ్గుగా కూర్చొని, హఠాత్తుగా ఊడిపడతాము. అది వేట పడవ అని ముందే చెప్పాము గదా! చేతిలో బల్లెం లేకపోయినా జంతువుకు కలిగే బెదురు బెదురే. ఒంటరిగా పోయేవానికి 'ఇక చాలు, వెనక్కు తిప్పు' అని చెప్పేవాడు కూడా పక్కన వుండడు.

మొసళ్ళున్నవి. అవి ఒడ్డున ఎండ కాగుతున్నప్పుడు, వాటికీ లోతునీటికీ నడుమ పడవ పోనివ్వకూడదు. బెదిరిన మొసలి పరుగెత్తేది నీటివైపే. చేతులూ కాళ్ళూ నీటిలో వ్రేలాడవేయటం సరదాగా వుంటుంది, కాని ఈ నదిలో పనికిరాదు. పైగా ఈ ఫాల్గుణ చైత్రాలు అవి ఒడ్డున గుంట త్రవ్వి గుడ్లు పెట్టే కాలం. నదీ పక్షులు కొన్ని కూడా ఈ వేసవిలోనే ఇసుక తిన్నెలమీద, రాతి దిబ్బలమీద, గూడంటూ లేకుండా నేలమీదనే గుడ్లు పెడతాయి. ఇసుక రంగు గుడ్లు కంటికి ఆనవు. మిట్టమధ్యాహ్నం మనం తిన్నెమీద పడవ లాగి పులిహోర పొట్లం విప్పితే, తల్లిపక్షులు లేచి మన నెత్తిన అరుస్తూ తిరుగుతాయి. మనం 'ఎంత ముచ్చటగా వున్నవి!' అని ఫోటోలు తీస్తాము. ఆ అరగంటలో గుడ్లు ఎండకు ఉడికిపోతాయి. నడినదిలోని ఒంటరి తిన్నెలమీద ఈ రోజులలో దిగవద్దు; భోజనం జనం తిరిగే రేవులోనే చేయండి.

నీటి భయం వేరు. పైన ఆనకట్ట వున్నదని మరవరాదు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయిన సంగతి ఈ సభలోనివారికి కొత్త కాదు. క్యాంపులలోని మన రైతులు ఆ వారమంతా పంట నీటికోసం గుండెలు చేతబట్టుకొని వున్నారు. నీరు వదిలే సమయాలు విచారించకుండా, వానకాలంలోనూ, దిగనే కూడదు. పడవ బోర్లాపడితే, రాళ్ళమధ్య వడిగా పోయే నీటిలో నిలబడే ప్రయత్నం చేయవద్దు. పాదం రాళ్ళ సందున ఇరుక్కొంటే మోకాలిలోతు నీరే ముంచుతుంది. వెల్లకిలా, కాళ్ళు ముందుకు పెట్టి, లోతు తగ్గి వడి తగ్గేదాకా పోనివ్వాలి. లైఫ్ జాకెట్ పడవలో కాదు, ఒంటిమీద వుండాలి. నైలాను వల తెడ్డుకు తగులుకొంటే కత్తితో కోసివేయక, ఓపికతో విడదీయండి. అది ఒక ఇంటి అన్నం.

అటవీ శాఖవారి అనుమతి అడగటం ఒక పని. దానికంటె ముఖ్యమని మాకు తోచేది రేవులోని పుట్టివాళ్ళను అడగటం. ఏ మడుగులో మొసలి వున్నదో, ఏ రాతివద్ద సుడి వున్నదో వారికి తెలిసినట్లు ఏ పటంలోనూ వుండదు. కన్నడంలో మర్యాదగా 'అణ్ణా' అని పిలిచి అడగండి, చెబుతారు. ఎక్కడ దిగేదీ, ఎన్ని గంటలకు ఎక్కడ తేలేదీ వారికొకరికి, ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి. రాకపోతే వెదకటానికి వచ్చేది ఆ పుట్టే.

పెద్దలకు ఒక మనవి. అమ్మాయిలు ఒంటరిగా పోతామంటే మాత్రం ఇల్లు దద్దరిల్లచేస్తున్నారు. ఈత వచ్చినదా అన్నది అబ్బాయినీ అడగండి, అమ్మాయినీ అడగండి. రానివారిని ఎవరినీ పంపవద్దు.

మడత పడవ ఒకటి వెనుక వరండాలో పెట్టించాము. విప్పి కట్టటానికి పావుగంట పడుతుంది. చూడదలచినవారు పచ్చడి ప్రసాదం తీసుకొని అటు రావచ్చు. పిల్లలను మాత్రం చట్రంమీద ఎక్కనివ్వకండి.