బండల మీద నడిచేవారు

వంట చేసుకుంటూ రేడియో వింటున్నారు కదూ! ఒక్కసారి మీ కాళ్ళ కింద చూసుకోండి. నల్లగానో బూడిదరంగుగానో నున్నటి నాపరాయి పరిచి ఉంటే, అది బేతంచెర్ల బండ కావచ్చు.

ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న ఆ ఊరి చుట్టుపక్కల గనుల్లో రాయి తీస్తారు, ఫ్యాక్టరీల్లో కోసి పాలిష్ పెడతారు. ఎండాకాలం బండ కాలుతుంది. రాతిపొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పని ఉన్ననాడే కూలి. గనిలో వాననీళ్ళు నిలిచాయంటే పని లేదు, పొయ్యీ లేదు. ఆ ఇంటి ఇల్లాలు మనలాగా నెలకు లెక్క వేసుకోదు, ఆ పూటకే వేసుకుంటుంది. కిలో కందిపప్పు తెచ్చుకోలేదు. చిన్న పొట్లం కట్టించుకుంటుంది. అలా చిల్లరగా కొన్నందుకు మనకంటే ఆమెకే ధర ఎక్కువ పడుతుంది! శాసనసభలో ధరల మీద ఉపన్యసించే పెద్దమనుషుల్లో ఈ సంగతి ఎందరికి తెలుసంటారు?

ఆ ప్రాంతానికి పెద్దల కరువేమీ లేదు. 1977లో నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచిన నీలం సంజీవరెడ్డిగారు ఆ ఏడే రాష్ట్రపతి అయ్యారు. 1991 ఉప ఎన్నికలో ప్రధాని పి.వి. నరసింహారావుగారికి అక్కడి ఓటర్లు 5,80,000కు పైగా మెజారిటీ ఇచ్చారు. ఢిల్లీ నుంచి చూస్తే రాతిగని ఎంత కనిపిస్తుందో మరి!

ఆ సీమలోనే దామోదరం సంజీవయ్యగారు పుట్టారు, కర్నూలు దగ్గర పెద్దపాడులో, పేద దళిత కుటుంబంలో. 1960 జనవరి నుంచి 1962 మార్చి దాకా ముఖ్యమంత్రిగా ఉన్నారు. వృద్ధాప్య పింఛన్లు ఆయన హయాంలోనే మొదలయ్యాయి. ముసలితనంలో ఒకరి ముందు చేయి చాచడం ఎంత కష్టమో ఆయనకు ఏ అధికారీ నివేదిక రాసి చెప్పనక్కరలేదు. ఆ పింఛను పెరుగుతూ వచ్చి 2024లో నెలకు 4,000 రూపాయలైంది.

ఇక ఈనాటి సంగతి. సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని 2003 నుంచి ఎన్నికల్లో నిలబడేవారు తమ ఆస్తులు అఫిడవిట్‌లో రాసి ఇవ్వాలి. 2024లో గుంటూరు నుంచి లోక్‌సభకు గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్‌గారు చూపిన కుటుంబ ఆస్తి 5,700 కోట్ల పైచిలుకు. నేను కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క కట్టాను. దాదాపు 12 లక్షల మంది ముసలివాళ్ళ ఏడాది పింఛను అది! డబ్బుండడం నేరమని నేననను. కలవారిలో మనసున్నవాళ్ళు లేకపోలేదు, పేదగా వచ్చి పేదలను మరిచినవాళ్ళూ ఉన్నారు. నా బెంగ వేరు. టికెట్టు అడగాలంటే ముందు కోట్లు చూపించాల్సిన రోజుల్లో, బేతంచెర్ల రాతికూలీ బిడ్డ ఎంత చదివినా, ఎంత మంచివాడైనా సంజీవయ్య కాగలడా?

ఆ అఫిడవిట్లను ఎన్నికల సంఘంవారు అందరూ చూసేలా పెడతారు. అవి మగవాళ్ళు చదివే కాగితాలని వదిలేయకండి. ఈసారి అభ్యర్థి “అమ్మా, చెల్లెమ్మా” అంటూ గుమ్మంలోకి వస్తే మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టండి. చిల్లరకొట్లో పావుకిలో పప్పు ఎంతో అడగండి. కొళాయి రోజుకు ఎన్ని గంటలు వస్తుందో అడగండి. పక్కనున్న అనుచరుడు చెవిలో చెబితే మాత్రం ఆ జవాబు లెక్కలోకి రాదు సుమా!