నలభై దాటినంక కూడా పందెం మనదే
(మన సంక్షేమ వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మా సైట్ సూపర్‌వైజర్లకు ఈసారి ఇచ్చిన అంశం, వయసు మీద పడ్డాక దూర పరుగు పందేలు. ఈ సంగతి మెస్‌లో చెప్పగానే షట్టరింగ్ పని చేసే ఒక కాక నవ్విండు. "పొద్దంతా సైట్ల ఉరుకుతనే ఉన్నం కద బిడ్డా, మల్ల సెలవునాడు గూడ ఉరుకుమంటరా?" అన్నడు. అడగాల్సిన ప్రశ్నే అది. ముందు దానికే జవాబు చెప్తాం.

సైట్లో మనం చేసేది కష్టమే, కాదనేవాళ్లు లేరు. కానీ ఆ కష్టం ఎట్లా ఉంటుంది? బరువెత్తుతం, ఆగుతం. వంగుతం, నిలబడతం. క్రేన్ కోసం గంట ఎదురుచూస్తం, మళ్లీ పది నిమిషాలు ఉరుకులాట. సాయంత్రానికి నడుము పోతది, ఎండకు ఒళ్లు ఎండిపోతది. ఇంత చేసినా గుండె అరగంట పాటు ఒకే తీరుగా, హాయిగా పనిచేసిన సందర్భం రోజు మొత్తంలో రాదు. అలుపు వేరు, సాధన వేరు. కూలి కోసం పడే అలుపు మనల్ని అరగదీస్తుంది. కొలతతో చేసే సాధన మనల్ని నిలబెడుతుంది.

ఇంకో మాట కూడా చెప్పక తప్పదు. ఈ వేదిక సభ్యులు ఏటా ఎన్నోసార్లు కాగితాలు పట్టుకుని తిరిగి ఊళ్లకు పెట్టెలు పంపిస్తున్నారు. వాళ్లందరూ పైనుంచి పడి పోయినవాళ్లు కాదు. రాత్రి తిని పడుకుని, పొద్దుగాల లేవనివాళ్లు ఉన్నారు. ముప్ఫై అయిదు, నలభై, నలభై అయిదు ఏళ్లవాళ్లు. కాగితం మీద గుండె ఆగిందని రాస్తారు. ఊళ్లో ఇంటామె ఫోన్‌లో "మంచిగనే ఉండె కదన్నా, నిన్న రాత్రి మాట్లాడిండు" అంటది. దానికి మన దగ్గర జవాబు ఉండదు. ఎండ, చూపించుకోని బీపీ, షుగర్, సిగరెట్, నిద్రలేమి, రాత్రి పదకొండుకు తినే అన్నం, తలమీది అప్పు, ఎన్నో కారణాలుంటాయి. పరుగు వీటన్నిటికీ మందు అని మేము చెప్పం. బీపీని, షుగర్‌ను అదుపులో ఉంచడానికి క్రమం తప్పని వ్యాయామం ఉపయోగపడుతుందని ఏ డాక్టరైనా చెప్తాడు. పందెం అనేది పెట్టుకుంటే ఆ క్రమం దానంతటదే వస్తుంది. తేదీ దగ్గర పడుతుంటే మనిషి లేచి బయటికి వస్తాడు.

"ఇరవై ఏళ్ల పిలగాండ్లతో మేమేం పోటీ పడతం" అని చాలామంది వెనక్కి పోతారు. పడాల్సిన పని లేదు. ప్రపంచమంతటా మాస్టర్స్ పోటీలు 35 ఏళ్ల నుంచి మొదలై, అయిదేళ్లకొక గుంపుగా జరుగుతాయి. 35 నుంచి 39, 40 నుంచి 44, అట్లా తొంభై దాటినవాళ్లకు కూడా గుంపు ఉంటుంది. 1975లో టొరంటోలో మొదటి ప్రపంచ వెటరన్స్ పోటీలు జరిగినప్పటి నుంచి ఈ పద్ధతి బలపడింది. 47 ఏళ్ల తాపీ మేస్త్రీ పోటీ పడేది 45 నుంచి 49 ఏళ్లవాళ్లతోనే. ఒక్క చిక్కుంది. వయసు పాస్‌పోర్ట్ చూసి లెక్కపెడతారు. మనలో చాలామందికి బడిలో పంతులు రాసిన పుట్టినరోజే పాస్‌పోర్ట్‌లోకి ఎక్కింది కదా. ఏది రాసి ఉంటే అదే మన గుంపు.

ఈ పుట్టినరోజు తంటా మనకొక్కరికే కాదు, ఫౌజా సింగ్‌కూ వచ్చింది. ఆయనది పంజాబ్‌లో జలంధర్ దగ్గరి పల్లె. వ్యవసాయం చేసుకునే మనిషి. 1994లో ఒక కొడుకు నిర్మాణ పని ప్రమాదంలో చనిపోయాడు. ఆ దుఃఖం నుంచి తేరుకోవడానికే ముసలితనంలో పరుగు పట్టుకున్నాడు. ఇంగ్లండ్‌లో కొడుకు దగ్గరికి చేరి, 2000లో, 89 ఏళ్ల వయసులో లండన్ మారథాన్ పూర్తి చేశాడు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 2011లో, పాస్‌పోర్ట్ లెక్కన నూరేళ్లు నిండాక, టొరంటో మారథాన్‌ను 8 గంటల 11 నిమిషాల్లో ముగించాడు. జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్ వాళ్లు దాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా ఆ కాళ్లు పోయిన దూరం పోయినట్టే. 2025 జూలైలో సొంత ఊరి దగ్గర రోడ్డు మీద కారు ఢీకొని చనిపోయాడు. 114 ఏళ్లని లెక్క. నిర్మాణ పనిలో బిడ్డను పోగొట్టుకున్న తండ్రి అని తెలిసినప్పటి నుంచి మా సూపర్‌వైజర్లకు ఆయన పేరు వేరుగా వినిపిస్తుంది.

రెండో మనిషి ఎడ్ విట్‌లాక్. లండన్‌లో పుట్టి కెనడాకు వలస పోయిన మైనింగ్ ఇంజనీరు. ఇంటి దగ్గరి శ్మశానం దారుల్లో గంటల తరబడి చుట్లు కొట్టడమే ఆయన సాధన. డెబ్బై దాటి మూడు గంటల లోపు మారథాన్ పూర్తిచేసిన మొదటి మనిషి ఆయనే. 2004లో, 73 ఏళ్లప్పుడు, 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో చేరాడు. అంటే కిలోమీటర్‌కు నాలుగు నిమిషాల పది సెకన్ల లోపే. మన క్యాంపులో పాతికేళ్ల తమ్ముళ్లను ఒక్క కిలోమీటర్ ఆ వేగంతో ఉరకమనండి, చూద్దాం.

మూడో మనిషి మనకు ఇంకా దగ్గర. క్లిఫ్ యంగ్, ఆస్ట్రేలియాలో బంగాళదుంపలు పండించే రైతు. 1983లో 61 ఏళ్ల వయసులో సిడ్నీ నుంచి మెల్బోర్న్ దాకా 875 కిలోమీటర్ల పందేన్ని 5 రోజుల 15 గంటల్లో గెలిచాడు. ఆయన పెద్దగా వేగంగా పోలేదు. నిద్ర తగ్గించుకుని, కాళ్లు ఎక్కువ పైకెత్తకుండా, ఈడ్చుకుంటున్నట్టు ఆగకుండా పోయాడు. వచ్చిన 10 వేల డాలర్ల బహుమతిని మిగతా పరుగువాళ్లకు పంచిపెట్టాడు. పొలంలో, గొర్రెల వెంట తిరిగిన ఒళ్లు అది. మన ఒళ్లు కూడా అటువంటిదే.

అక్కచెల్లెళ్లకూ ఒక మాట. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ గెలిచిన రొమేనియా ఆమె కాన్‌స్టాంటినా డీటాకు అప్పుడు 38 ఏళ్లు. దూర పరుగులో వయసు త్వరగా ఓడిపోదు. వయసు పెరిగేకొద్దీ ముందు పోయేది చిన్న దూరాల వేగం. ఓర్పు నెమ్మదిగా తగ్గుతుంది. ఒళ్లు కదలనివాళ్లకు ఊపిరి, గుండెల సత్తువ పదేళ్లకు సుమారు పదో వంతు తగ్గుతుంది. సాధన వదలనివాళ్లకు ఆ తగ్గుదల నెమ్మదిస్తుంది.

అయితే వయసుతో కచ్చితంగా మారేది ఒకటుంది. కోలుకోవడానికి ఎక్కువ టైం పడుతుంది. ఇది మన పనిలోనే ఉన్న సూత్రం. స్లాబ్ పోసిన మర్నాడే సెంట్రింగ్ విప్పుతమా? నీళ్లు పట్టి, రోజులు లెక్కపెట్టి, బలం వచ్చాకే బరువు పెడతం. ఒళ్లు కూడా అంతే. గట్టిగా ఉరికిన రోజు తర్వాత రెండు రోజులు దానికి క్యూరింగ్ కావాలి. నిద్ర, నీళ్లు, తిండి, అదే ఆ క్యూరింగ్.

మొదలుపెట్టే తీరు చెప్తాం. వారానికి మూడు రోజులు చాలు. మొదటి రెండు మూడు వారాలు ఒక నిమిషం ఉరుకుడు, రెండు నిమిషాలు నడక, ఇట్లా అరగంట. పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగమే సరైన వేగం. మాట తెగుతుంటే తగ్గించాలి. ఆ తర్వాత వారానికి పదో వంతు కంటే ఎక్కువ దూరం పెంచొద్దు. మూడు నెలలకు 5 కిలోమీటర్లు ఆగకుండా పోవచ్చు. సేఫ్టీ బూట్లతో ఉరకొద్దు, ఇనుప టోపీ ఉన్న ఆ బూటు మడమను, మోకాలిని తినేస్తుంది. ఖరీదైనవి అక్కర్లేదు, కాలికి సరిపోయే మామూలు పరుగు బూట్లు చాలు. చీకట్లో బయటికి పోతే సైట్‌లో వేసుకునే మెరిసే జాకెట్ వేసుకోండి. తిండికి ప్రత్యేకం ఏం లేదు. అన్నం పప్పు, గుడ్డు, అరటిపండు, ఖర్జూరాలు, లబన్ సరిపోతాయి.

ఇప్పుడు జాగ్రత్తలు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించొద్దని చట్టమే ఉంది. పనికే వద్దన్న కాలంలో పందేలకు సాధన ఏంది? ఆ నెలల్లో రాత్రిపూట ఉక్కలో కూడా నడకతో సరిపెట్టుకోండి. మన కాలం నవంబర్ నుంచి మార్చి. నీళ్లు దాహాన్ని బట్టి తాగాలి. చెమట బాగా పోయిన రోజు ఓఆర్ఎస్ కలుపుకోవాలి. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, చల్లని చెమట, కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగి 998కి ఫోన్ చేయాలి. "గ్యాస్ అయ్యుంటది" అని గదికి పోయి పడుకోవద్దు. ఎండదెబ్బతో మనిషి తికమకగా మాట్లాడుతుంటే నీడకు తీసుకుపోయి, ఒంటి మీద నీళ్లు పోసి గాలి తగలనిస్తూ అంబులెన్స్ పిలవాలి.

నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు మొదలుపెట్టే ముందే డాక్టర్‌కు చూపించుకోవాలి. ఇన్సూరెన్స్ కార్డు జేబులో పెట్టుకుని తిరగడానికి కాదు, వాడుకోవడానికి.

పైసల మాట. పెద్ద మారథాన్‌లకు రుసుము ఎక్కువ. ఇంటికి పంపే డబ్బులోంచి తీసి కట్టమని మేము అనం. నవంబర్‌లో షేక్ జాయెద్ రోడ్డు మీద జరిగే దుబాయ్ రన్‌లో ఊరికే పాల్గొనవచ్చు. అక్కడ గెలుపోటముల లెక్క లేకపోయినా, రోజూ బస్సు కిటికీలోంచి చూసే ఆ రోడ్డు మీద మన కాళ్లతో ఉరికి రావచ్చు.

చివరిగా వేదిక పెద్దలకు మా సూపర్‌వైజర్ల తరఫున మూడు కోరికలు. మొదటిది, వచ్చే చలికాలం ఆటల పోటీల్లో క్రికెట్, కబడ్డీలతో పాటు 5 కిలోమీటర్ల పరుగు పెట్టండి. 35 పైన, 45 పైన, 55 పైన వేరువేరు బహుమతులు, ఆడవాళ్లకు వేరుగా. గెలిచినవాళ్ల పేరుతో పాటు ఊరి పేరు కూడా మైకులో చదవండి. రెండోది, బీపీ, షుగర్ చూపించుకున్నాకే నంబర్ చీటీ ఇవ్వండి. పందెం మీద ఆశతో వచ్చి, తన బీపీ మొదటిసారి తెలుసుకుని పోయేవాడు ఒక్కడున్నా ఆ రోజు పందెం గెలిచినట్టే. మూడోది, బహుమతిగా గోడ గడియారాలు వద్దు, బూట్లు ఇవ్వండి.

మా వంతు మాట మేము ఇస్తున్నాం. పందెం మర్నాడు ఉరికినవాళ్లను ఎత్తు మీది పనికి, బరువు పనికి పెట్టం, పని సర్దుకుంటాం. వయసైపోయిందని ఎవరినీ ఎగతాళి చేయనివ్వం. మెస్‌లో నవ్విన ఆ కాకకు ఇప్పుడు 56 ఏళ్లు. "మీది మొత్తం విన్నంక చెప్తా" అన్నడు. ఇక్కడే మూడో వరుసలో కూర్చున్నడు. కాకా, 55 పైన గుంపులో మొదటి పేరు నీదే రాయమంటావా?