దుంగల ఇళ్ళకు కొత్త చోటు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా తెలుగు కొంత ఇంట్లో విన్నది, కొంత ఫిజీలో సంగం వారి సాయంకాలం తరగతిలో పలక మీద దిద్దినది. మాటలో పుస్తకం వాసన వస్తే పెద్దలు మన్నించాలి. ఈ రోజు మాకు ఇచ్చిన కాస్త సమయంలో పాత ఇళ్ళ గురించి మాట్లాడదలచాము.

ఈ దేశంలో ఊరు పెరిగినప్పుడు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు, తొలిరోజుల వాళ్ళు దుంగలతో కట్టుకున్న ఇళ్ళు అడ్డమవుతాయి. లాగ్ కేబిన్లు అంటారు. పడగొట్టడానికి ఒక పూట చాలు. ఉన్నచోటనే ఉంచాలంటే స్థలం గలవారు ఒప్పుకోవాలి. వారు ఒప్పుకోకపోయినా ఇంటిని పోగొట్టుకోవడానికి ఊరివాళ్ళకు మనసు రాకపోతే, దాన్ని విప్పి మరొక చోటికి తీసుకుపోతారు. అప్పుడు డబ్బు కంటే ముందు వచ్చే ప్రశ్న చోటు.

వయోమింగ్ రాష్ట్రంలో కోడీ అనే ఊరు ఉంది. తూర్పు ద్వారం గుండా ఎల్లోస్టోన్ చూడబోయే మనవాళ్ళు అక్కడ ఒక రాత్రి బస చేస్తారు. ఊరి పడమటి వైపున ఉన్న ఓల్డ్ ట్రెయిల్ టౌన్ చూడకుండానే తెల్లవారి కారు ఎక్కుతారు! బఫెలో బిల్లు, ఆయన భాగస్తులు 1895లో కోడీ నగరం కోసం మొదట కొలతలు వేయించిన నేల అది. తర్వాత ఊరు వేరేచోట పెరిగింది. బాబ్ ఎడ్గర్ అనే పురావస్తు పరిశోధకుడు 1967లో ఆ నేల మీదికి చుట్టుపక్కల పాడుపడుతున్న ఇళ్ళను తేవడం మొదలుపెట్టారు. 1879 నుంచి 1901 వరకు కట్టిన 26 కట్టడాలు అక్కడ చేరాయి. దొంగల నాయకుడు బుచ్ కాసిడీ ముఠా వాడుకున్న 1883 నాటి ఇల్లు కూడా ఉంది. జనమంతా దాని ముందే ఫొటోలు తీసుకుంటారు. మేము ఎక్కువసేపు నిలబడింది కార్టర్ ఇంటి ముందు. ఆ ప్రాంతానికి మొదటి పశువుల మందను తోలుకొచ్చిన కాపరులు 1879లో కట్టినది. ఆ సంవత్సరం మే నెలలోనే లియోనిడాస్ ఓడ గిర్మిట్ కూలీలను తీసుకొని ఫిజీలో లెవూకా రేవుకు చేరింది. మన తెలుగువాళ్ళు మద్రాసు నుంచి ఓడ ఎక్కింది 1903 నుంచి గదా.

దుంగల ఇల్లు కదిలించడం చూడడానికి పిల్లల ఆటలాగే ఉంటుంది గాని, చాలా ఓపిక పని. ముందు బొమ్మ గీసుకొని, ప్రతి దుంగకు గుర్తు వేసి, కప్పు నుంచి కిందికి విప్పుకుంటూ వస్తారు. అడుగు దుంగ మట్టి తడికి పుచ్చిపోయి ఉంటే దాని బదులు కొత్తది వేయాలి. కొత్తచోట రాతి పునాది కట్టి, దుంగ మట్టికి తగలకుండా చూసి, సందులు మళ్ళీ మెత్తాలి. ఆ చోటు మెరకగా ఉండాలి, లారీ తిరగడానికి బాట ఉండాలి. వాకిలి ఇంతకు ముందు ఏ దిక్కు చూసిందో ఆ దిక్కే చూడాలని తెలిసినవాళ్ళు పట్టుబడతారు. కారణం వేరైనా, మన వాస్తు పెద్దలు సంతోషించే మాటే! ఇల్లు ఎంత ముఖ్యమో అది నిలిచిన నేల కూడా అంతే ముఖ్యమని ఈ దేశపు జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టరువారి అభిప్రాయం. కదిలించిన ఇంటిని వారు మామూలుగా పట్టికలో చేర్చుకోరు.

ఇంత చేసినా ఆ చోట మనుషులు లేకపోతే ఏమవుతుందో లాస్ ఏంజెలెస్‌లో చూశారు. బంకర్ హిల్ మీద పాత పేట అంతా పడగొట్టగా మిగిలిన రెండు పెద్ద ఇళ్ళను 1969 మార్చిలో ఊరిలోనే హెరిటేజ్ స్క్వేర్ అనే కొత్త చోటికి తరలించారు. ఆ అక్టోబరులోనే ఎవరో దుండగులు నిప్పు పెట్టారు. రెండూ బూడిదైపోయాయి. చోటు దొరికింది గాని, రాత్రిపూట దీపం పెట్టే దిక్కు లేకపోయింది.

ఇంకొక సంగతి. ఎవరి ఇంటికి చోటు దొరుకుతుంది? కోడీలో కర్లీ అనే క్రో జాతి మనిషి ఇల్లు కూడా ఉంది. 1876లో కస్టర్ సేనకు దారి చూపినవారిలో ఆయన ఒకడు. ఆ ఇల్లు 1885 నాటిది, మొంటానా నుంచి తెచ్చారు. ఇటువంటివి తక్కువ. మన కాలిఫోర్నియాలో యోసెమిటీకి పోయే వవోనా బాటను 1870లలో వేసినది చీనా కూలీలు. అక్కడి హోటలులో బట్టలు ఉతికినదీ చీనావాళ్ళే. ఆ ఉతికే ఇంటిని ప్రదర్శనశాలగా తెరిచింది 2021లో.

బడిపంతుళ్ళం కనుక మాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటి చెబుతాము. జాన్‌స్టన్ అనే కొండ వేటగాడు 1900లో చనిపోతే లాస్ ఏంజెలెస్‌లో సైనికుల శ్మశానంలో పెట్టారు. లాంకాస్టర్ అనే ఊరిలో ఏడో తరగతి పిల్లలు, ఆయనను కొండల దగ్గరికి చేర్చాలని పట్టుబట్టి ఉత్తరాలు రాశారు. 1974 జూన్‌లో ఆ పార్థివ శేషాన్ని కోడీలో ఈ పాత ఇళ్ళ నడుమనే మళ్ళీ పూడ్చారు. ఏడో తరగతి పిల్లలు!

శాక్రమెంటోలో, హేవర్డ్‌లో, మొడెస్టోలో ఇప్పుడు మన ఫిజీ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఊరి కౌన్సిలు నుంచి పాత ఇంటి విషయమై సభ అని కాగితం వస్తే, అది తెల్లవాళ్ళ తాతల సంగతి, మనకెందుకు అని పక్కన పెడతాము. వెళ్ళవచ్చు. వెళ్ళి, ఆ ఊరిలో పొలం పనిచేసినవాళ్ళ ఇల్లు ఏదైనా మిగిలిందా, దానికీ ఈ చోటులో జాగా ఉందా అని ఒక్క ప్రశ్న అడగవచ్చు. మా తాత బ్రతికిన కూలీ లైను ఉన్నచోట ఇప్పుడు చెరకు ఉంది. దాన్ని ఎక్కడికి చేర్చుదామని అడిగినవారు లేరు.

పోయిన నెల సాయంకాలం తరగతిలో పిల్లల చేత నేల మీద సుద్దముక్కతో లైను గది కొలత గీయించాము. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. ముగ్గురు ఒంటరివాళ్ళకు గాని, ఒక సంసారానికి గాని ఒక గది. అడ్డుగోడ కప్పుదాకా ఉండేది కాదు, పక్కవాళ్ళ దగ్గు కూడా వినిపించేది. ఎనిమిదిమంది పిల్లలు ఆ గీతల మధ్య కూర్చున్నారు, కాళ్ళు చాపలేకపోయారు. అందులో ఒక పిల్ల, పొయ్యి ఎక్కడ పెట్టేవాళ్ళు అని అడిగింది. ఒక ఇంటివాళ్ళు గది లోపల అన్నారు, మరొక ఇంటివాళ్ళు బయట వేరే వంటపాక అన్నారు. ఏ లైను, ఏ సంవత్సరం అన్నదాన్ని బట్టి రెండూ నిజమే కావచ్చు. అమ్మమ్మల నోట, నాయనమ్మల నోట విన్నవారు ఈ సభలో ఉంటే, వచ్చే శుక్రవారం సాయంత్రం తరగతికి రావాలని ప్రార్థన. పిల్లలు పటంలో పొయ్యి చోటు ఖాళీగా ఉంచారు.