పది ప్రశ్నల కాగితం: అమీర్‌పేటలోని మన పిల్లలతో ఒక మాట

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తీజ్ గురించో, గుస్సాడీ గురించో మాట్లాడాల్సిన సభలో ఫోన్ సంగతేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఇక్కడున్న వాళ్లలో ఎక్కువమంది అమీర్‌పేట, పంజాగుట్ట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలోనే ఉంటున్నారు. పొద్దున మైత్రీవనం దగ్గర కోచింగ్, మధ్యాహ్నం స్టడీ హాల్, రాత్రి నలుగురున్న షేరింగ్ గదిలో మంచం మీద ఫోన్. క్లాసు అందులోనే, కరెంట్ అఫైర్స్ అందులోనే, అమ్మ గొంతూ అందులోనే. అలాంటి ఫోన్‌ను పక్కన పారేయమని చెప్పడానికి నేను రాలేదు. అలా చెప్పేవాళ్లు మీ ఇంట్లోనే చాలామంది ఉంటారు.

ఈ సభలో మీకు పది ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తున్నాం. 2013లో కొరియా పరిశోధకులు స్మార్ట్‌ఫోన్ అడిక్షన్ స్కేల్ అని తయారుచేశారు. మొదటిది 33 ప్రశ్నలది. తర్వాత దాన్నే పది ప్రశ్నలకు కుదించారు. ప్రతి ప్రశ్నకూ ‘అస్సలు కాదు’ అంటే 1, ‘ముమ్మాటికీ అవును’ అంటే 6. అన్నీ కలిపితే తక్కువలో తక్కువ 10, ఎక్కువలో ఎక్కువ 60. అబ్బాయిలకు 31, అమ్మాయిలకు 33 దాటితే జాగ్రత్త పడాలని వాళ్లు గీత గీశారు. ఆ గీత కొరియా పిల్లల జవాబుల్ని బట్టి గీసింది. ఉట్నూరు నుంచో, దేవరకొండ నుంచో వచ్చి గ్రూప్స్‌కు చదివే మనిషికి అదే గీత అచ్చంగా సరిపోతుందని నేననను.

మరి ఎందుకు ఇస్తున్నామంటారా? సికిల్ సెల్ పరీక్ష మనవాళ్లకు కొత్త కాదు. ముందు వేలు గుచ్చి ఒక చుక్క రక్తం తీసి చూస్తారు. అందులో అనుమానం వస్తే రెండో పరీక్ష చేసిన తర్వాతే జబ్బు ఉందో లేదో చెబుతారు. ఈ కాగితం ఆ మొదటి చుక్క లాంటిది. 35 వచ్చినంత మాత్రాన ‘నాకు ఫోన్ పిచ్చి పట్టింది’ అనుకోవద్దు. అసలు ఫోన్ వ్యసనం అనే పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఏ జబ్బూ లేదు. 2022 నుంచి అమల్లో ఉన్న జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది. ఆట మీద అదుపు పోయి, మిగతా పనులన్నీ వెనక్కి పోయి, నష్టం కళ్లకు కనబడుతున్నా మానలేకపోతే, అది కూడా మామూలుగా ఏడాది పాటు సాగితే, దాన్ని జబ్బు అంటారు.

పది ప్రశ్నల్లో ఏముందో గమనించండి. రోజుకు ఎన్ని గంటలు చూస్తావని ఒక్కచోట కూడా అడగలేదు. ఫోన్ వల్ల అనుకున్న పని తప్పిందా? క్లాసులో మనసు నిలవడం లేదా? మణికట్టు, మెడ నొస్తున్నాయా? చేతిలో లేకపోతే చిరాకా? అనుకున్నదానికన్నా ఎక్కువసేపు చూస్తున్నావా? పక్కవాళ్లు ‘మరీ ఎక్కువైంది’ అంటున్నారా? ఇలా ఉంటాయి. నాకు ఈ కాగితంలో నచ్చింది ఇదే. ఒక అమ్మాయి రోజుకు ఏడు గంటలు ఫోన్ చూస్తుందనుకుందాం. నాలుగు గంటలు ఆన్‌లైన్ క్లాసులు, రెండు గంటలు మాక్ టెస్టులు, ఇంటికి ఒక గంట. ఒక అబ్బాయి రెండు గంటలే చూస్తాడు, కానీ ఆ రెండూ అర్ధరాత్రి ఒంటిగంట నుంచి మూడింటి దాకా. పొద్దున క్లాసు రోజూ పోతుంది. గంటలు లెక్కపెడితే అమ్మాయిని తిడతాం, అబ్బాయిని వదిలేస్తాం.

కాగితం కూడా పొరబడే చోట్లున్నాయి. మెసేజీలు పోతాయేమోనని మాటిమాటికీ చూస్తావా అని ఒక ప్రశ్న ఉంది. నోటిఫికేషన్ కోసం, హాల్ టికెట్ కోసం, రిజల్ట్ కోసం ఎదురుచూసే వాడు చూడక ఏం చేస్తాడు? అతనికి అక్కడ 6 పడుతుంది, అందులో తప్పేం లేదు. ఇంకోవైపు, ఈ పదిలో నిద్ర గురించి లేదు, డబ్బు గురించీ లేదు. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండేవాళ్లను ఈ రెండూ అడగకపోతే ఏమీ అడగనట్టే. అందుకే కాగితం వెనక మా తరఫున రెండు ప్రశ్నలు చేర్చాం. మార్కులు లేవు. ఫోన్ వల్ల రాత్రి రెండు దాటిన రోజులు ఈ వారంలో ఎన్ని? ఫోన్‌లో ఆటకో, బెట్టింగ్‌కో ఫీజు డబ్బులు పెట్టావా, లోన్ యాప్‌లో తెచ్చావా?

రెండోదానికి జవాబు అవును అయితే ముందున్న పది ప్రశ్నల్లో 15 వచ్చినా సరే, ఆగకుండా ఎవరితోనైనా మాట్లాడండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అయినా లింకులు వస్తూనే ఉన్నాయి. పత్తి అమ్మి అయ్య పంపిన ఫీజు ఒక్క రాత్రిలో పోతే, దాన్ని ఇంట్లో చెప్పలేక పిల్లలు ఏమేం చేసుకుంటారో మీకు నేను చెప్పనక్కర్లేదు. డబ్బు పోయిన సంగతి చెప్పినందుకు మన సంఘంలో ఎవరూ మిమ్మల్ని తలదించుకోనివ్వరు.

ఇక పెద్దలతో ఒక మాట. కాగితం మీద పేరు వద్దని మేం గట్టిగా పట్టుబట్టాం. హాస్టల్ వార్డెన్‌కూ ఇవ్వం, ఇంటికీ పంపం. ఎందుకంటే మార్కు ఎక్కువొచ్చిందని తెలిస్తే అబ్బాయి ఫోన్ లాక్కుంటారు, అమ్మాయినైతే చదువే మాన్పించి తండాకు తీసుకెళ్తారు. ‘పట్నంలో ఫోన్ పట్టుకుని చెడిపోతోంది’ అన్న ఒక్క మాట చాలు, పెళ్లి సంబంధాలు మొదలవడానికి. రాత్రి కోచింగ్ నుంచి హాస్టల్‌కు నడిచొచ్చే పిల్లకు ఆ ఫోనే తోడు. పది ప్రశ్నలు ఆమె చదువుకు అడ్డం పడేట్టయితే అసలు ఈ కాగితాలు పంచకపోవడమే మేలు.

మార్కు ఎక్కువొస్తే ఒక వారం ఈ పని చేయండి. పడుకునే ముందు ‘ఇన్నింటికి ఫోన్ పెట్టేస్తా’ అని నోటుబుక్కులో టైం రాయండి. పొద్దున లేచి నిజంగా ఎన్నింటికి పెట్టారో పక్కన రాయండి. ఫోన్ సెట్టింగుల్లో డిజిటల్ వెల్‌బీయింగ్‌లో చూస్తే అబద్ధానికి వీలుండదు. ఏడు రోజుల్లో ఒకటి రెండు తప్పితే మామూలే. ఏడుకు ఏడూ తప్పితే, చదువు కూడా దెబ్బతింటుంటే, మీ ఒక్కరి పట్టుదలతో అయ్యే పని కాదనుకోండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. డబ్బులు పడవు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలనుకుంటే అమీర్‌పేట నుంచి మెట్రోలో మూడో స్టేషన్ ఎర్రగడ్డ, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ అక్కడే ఉంది. ‘నిన్ను ఎర్రగడ్డకు తోలాలి’ అని హైదరాబాదులో వేళాకోళమాడతారని తెలుసు. అలా అనేవాళ్లు అక్కడి ఓపీ ఎప్పుడూ చూసి ఉండరు. నిద్ర పట్టనివాళ్లు, పరీక్ష భయంతో వచ్చినవాళ్లు, మనలాంటి వాళ్లే ఉంటారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో అయితే 2014 నుంచే ఫోన్, ఇంటర్నెట్ అతివాడకానికి ప్రత్యేకంగా క్లినిక్ నడుస్తోంది. దాని పేరు షట్.

ఒంటరిగా వెళ్లడానికి జంకితే సంఘం ఆఫీసుకు రండి, ఎవరో ఒకరం తోడు వస్తాం. కాగితాలు టీ బల్ల పక్కన పెట్టాం. చదవడం కష్టమనిపించిన ప్రశ్నను గోర్ బోలీలో, గోండిలో చెప్పడానికి అక్కడ మనవాళ్లున్నారు. నింపినదాన్ని మాకు తిరిగివ్వక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి.